ఆరోగ్యశ్రీ జాబితాను సభలో విప్పి చూడండి: శాసనసభాపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ శాసనసభాపతి
శ్రీ గడ్డం ప్రసాద్ కుమార్ గారికి,

రంగారెడ్డి జిల్లా, ఇబ్రహీంపట్నం వైపు ఉన్న మీర్‌పేట్ నుంచి రాస్తున్నాను.

ఆరోగ్యశ్రీలో ఏ జబ్బుకు వైద్యం ఉందో, దేనికి లేదో, ఏ ఆపరేషన్‌కు దవాఖానకు ఎంత చెల్లిస్తారో తేల్చే జాబితా ఒకటుంది. ఆ జాబితాను ఏటా ఒకసారి సభా సంఘం ముందు పెట్టి, జనం చెప్పేది విని, శాసనసభ సమీక్షించాలని మిమ్మల్ని కోరుతున్నాను. వైద్య ఆరోగ్య శాఖ పద్దు మీద చర్చ జరుగుతుందని తెలుసు. ఫలానా దవాఖానలో డాక్టర్లు లేరని, అంబులెన్సు రాలేదని సభ్యులు జీరో అవర్‌లో అడగడం టీవీలో చూస్తూనే ఉంటాం. జాబితా సంగతి వేరు. అది ఎప్పుడు మారినా సచివాలయంలోనే మారుతుంది, ఉత్తర్వుగా బయటికి వస్తుంది. ఏది చేర్చారో, ఏది వదిలేశారో, ఎందుకు వదిలేశారో సభలో ఎవరూ లేచి చెప్పాల్సిన అవసరం ఉండదు. ఎందుకంటే ఆరోగ్యశ్రీ చట్టంతో పుట్టిన పథకం కాదు. ఒక ట్రస్టు, కొన్ని ఉత్తర్వులు, వాటి మీదే 2007 నుంచి నడుస్తోంది.

మంత్రి గారికి రాయకుండా మీకెందుకు రాస్తున్నానంటే, సభా సంఘాన్ని వేసే అధికారం మీ చేతిలో ఉంది. అందులో అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. పైగా మీరు వికారాబాద్ ప్రజలు గెలిపించిన మనిషి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా వికారాబాద్, ఇబ్రహీంపట్నం ఒకే రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఈ జిల్లాలో పేదోడికి పెద్ద జబ్బు చేస్తే ఎక్కడెక్కడ తిరగాలో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మీర్‌పేట్‌లో నాది చిన్న జిరాక్స్ షాపు. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాను. ఇంటర్ మార్కుల మెమోలు, కులం సర్టిఫికెట్లు, రేషన్ కార్డు అర్జీలతో పాటు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి దవాఖాన కాగితాలు. ఇక్కడ ఉండేవాళ్లలో చాలామంది మంచాల, యాచారం, మాల్ వైపు నుంచి, నల్లగొండ, పాలమూరు నుంచి పని కోసం వచ్చినవాళ్లే. తాపీ పని, సెంట్రింగ్, ఇళ్లలో పాచిపని, ఆటోలు. డిశ్చార్జి సమ్మరీ, ముద్ర వేసిన ఒరిజినల్ బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు ఒక కవర్లో పెట్టుకుని వస్తారు. వచ్చి ఒకటే మాట: "అక్కా, ఇది ఆరోగ్యశ్రీల లేదంట. సీఎం ఫండ్‌కు పెట్టాలె."

ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

ముఖ్యమంత్రి సహాయ నిధికి చేరే ప్రతి వైద్యం ఫైలూ ఆరోగ్యశ్రీ ఎక్కడో ఒకచోట ఆ ఇంటికి అందలేదని చెప్పే సాక్ష్యం. జబ్బు జాబితాలో లేకపోయి ఉండొచ్చు. జబ్బు ఉన్నా, అర్ధరాత్రి పరుగెత్తిన దవాఖాన నెట్‌వర్క్‌లో ఉండకపోయి ఉండొచ్చు. దవాఖాన నెట్‌వర్క్‌లోదే అయినా, అప్రూవల్ వచ్చేదాకా ఆగే పరిస్థితి లేక ఇంటివాళ్లు డబ్బు కట్టి ఉండొచ్చు. కారణం ఏదైనా ఆ కుటుంబం ముందు అప్పు చేసింది, తర్వాత ఎమ్మెల్యే సిఫార్సు లేఖ కోసం క్యాంపు ఆఫీసుకు పోయింది, నెలలు గడిచాక చెక్కు అందుకుంది. ఖర్చయిన దాంట్లో కొంతే వచ్చింది. చెక్కు ఇచ్చేటప్పుడు తీసిన ఫోటో పేపర్లో పడింది. ఆ చెక్కు ఎందుకు అవసరమైందన్న ప్రశ్న మాత్రం ఎక్కడా పడలేదు.

ఆరోగ్యశ్రీ పుట్టిందే ఈ ఫైళ్లలోంచి. ఆ రోజుల్లో ట్రస్టు తన గురించి తాను రాసుకున్న దాని ప్రకారం, 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఉమ్మడి రాష్ట్రంలో దవాఖాన ఖర్చుల కోసం ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి 55 వేలకు పైగా కేసుల్లో 168 కోట్ల రూపాయలకు పైగా ఇచ్చారు. గుండె, కిడ్నీ, క్యాన్సర్, మెదడు ఆపరేషన్లు. అప్పు తెచ్చో, పొలం అమ్మో వైద్యం చేయించుకుంటున్న పేదలు ఇంతమంది ఉన్నారని ఆ దరఖాస్తులు చూశాకే అర్థమైంది. ఒక్కొక్కరికీ చెక్కు రాసే బదులు అందరికీ వర్తించే పథకం పెడదామన్న ఆలోచన వచ్చింది. 2007 ఏప్రిల్ 1న రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో దాన్ని మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో మన రంగారెడ్డి జిల్లాకు వచ్చింది. 2008లో రెండో విడత చేరాక చికిత్సల సంఖ్య 900 దాటింది.

అంటే మొదటి జాబితాను రాసింది ఒకరకంగా రోగులే. వాళ్ల అర్జీలు చదివినవాళ్లు ఆ బాధను చికిత్సల పట్టీగా మార్చారు. అంత మంచి పద్ధతి ఆ ఒక్కసారితోనే ఆగిపోయింది. ఆ తర్వాత కూడా అర్జీలు వస్తూనే ఉన్నాయి, చెక్కులు పోతూనే ఉన్నాయి. జాబితా ఒక దారిలో, అర్జీలు ఇంకో దారిలో నడుస్తున్నాయి.

ఈ రెండింటినీ కలపడం ఇప్పుడు అప్పటికంటే తేలిక. 2024 జూలై నుంచి సీఎం ఫండ్ దరఖాస్తులు ఆన్‌లైన్ అయ్యాయి. నకిలీ బిల్లులతో డబ్బు కాజేసిన వ్యవహారం బయటపడ్డాక పెట్టిన పద్ధతి అది. మంచిదే. దొంగ బిల్లులు పట్టుకోవడానికి పెట్టిన ఆ కంప్యూటర్లలోనే నిజమైన బిల్లులు కూడా ఉన్నాయి కదా. ఏ నియోజకవర్గం, ఏ దవాఖాన, ఏ జబ్బు, ఎంత బిల్లు, ఎంత మంజూరు, అన్నీ అక్కడే ఉంటాయి. పేర్లు, ఆధార్ నంబర్లు తీసేసి, జబ్బుల వారీగా, జిల్లాల వారీగా లెక్క తీసి ఏటా బడ్జెట్ సమావేశాల్లో సభ ముందు పెట్టించండి. ఆరోగ్యశ్రీలో ఏం చేర్చాలో చెప్పడానికి అంతకంటే గట్టి ఆధారం ఉంటుందని నేననుకోను. పెద్ద పెద్ద సర్వేలు వేయాల్సిన పని కూడా లేదు. ఆ సిఫార్సు లేఖల మీద సంతకాలు పెట్టింది మీ సభలోని సభ్యులే.

2023 డిసెంబరు 9న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అది మేలు చేసిన నిర్ణయం. క్యాన్సర్ రోగుల ఇళ్లలో, డయాలసిస్ మీద బతుకుతున్న ఇళ్లలో దాని విలువ తెలుస్తుంది. కానీ పది లక్షలన్న అంకె వినగానే ఇక దేనికైనా సరిపోతుందని జనం అనుకుంటున్నారు. విస్తరి పెద్దదైతే సరిపోదు, అందులో ఏం వడ్డించారన్నది ముఖ్యం. ఏ కుటుంబానికైనా ముందు తెలియాల్సింది తమ జబ్బు జాబితాలో ఉందా, దానికి కట్టిన ధరకు దవాఖాన వైద్యం చేస్తుందా అన్నదే.

ధర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2024 జూలైలో ప్రభుత్వం 163 కొత్త చికిత్సలు చేర్చింది. దాంతో మొత్తం 1,835 అయ్యాయి. 1,375 చికిత్సల ధరలు పెంచింది. అంతకుముందు ధరలు సవరించింది 2013లోనని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. పదేళ్లకు పైగా ఒకే ధర! ఆ పదేళ్లలో మందుల రేట్లు, నర్సుల జీతాలు, కరెంటు బిల్లులు అన్నీ పెరిగాయి. దవాఖాన వాళ్లు దానధర్మాలకు కూర్చోలేదు కాబట్టి ఆ తేడా ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. "ఆ డాక్టర్ ఈ నెల రారు", "బెడ్లు ఖాళీ లేవు", "ఈ టెస్టులు స్కీమ్‌లో రావు, బయట చేయించుకోండి" అన్న మాటలుగా బయటపడుతుంది. మా వీధిలో ఒక తాపీమేస్త్రీ కాలు విరిగితే, ఆపరేషన్ ఫ్రీ అని చేర్చుకున్న ఒక ప్రైవేటు దవాఖాన లోపల వేసే ప్లేటుకు వేరేగా డబ్బు తీసుకుంది. రసీదు ఇవ్వలేదు. రసీదు లేదు కాబట్టి సీఎం ఫండ్‌కూ పనికిరాలేదు. ఆయన భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టింది. ఆ దవాఖాన చేసింది తప్పే. కానీ ధరను పదేళ్లు కదల్చకుండా ఉంచి ఏ తప్పూ జరగదనుకోవడం కూడా తప్పే. మూడేళ్లకో అయిదేళ్లకో ధరల సవరణ జరిగి తీరాలని సభ ఒక నియమం పెడితే, ఏ ప్రభుత్వం వచ్చినా అది ఆగదు.

చెల్లింపుల ఆలస్యం ఇంకో కథ. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదంటూ ప్రైవేటు నెట్‌వర్క్ దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. చర్చలు జరిగాక మళ్లీ మొదలుపెట్టాయి. ఆ మధ్యలో ఆపరేషన్ తేదీ ఇచ్చి ఉన్నవాళ్ల గతేంటో ఎవరూ లెక్క తీయలేదు. జాబితాలో పేరు ఉండి, ధర ఉండి, డబ్బు సమయానికి పోకపోతే ఆ జాబితా కాగితమే. కాబట్టి సమీక్షలో బకాయిల పట్టీ కూడా ఉండాలి, ఏ నెల ఎంత బిల్లు వచ్చింది, ఎంత చెల్లించారు అన్నది.

ఇబ్రహీంపట్నం పేరు దేశమంతా వినిపించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక్క రోజున 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొన్ని రోజుల్లోనే వాళ్లలో నలుగురు చనిపోయారు. మిగతా వాళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. పోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం, డబుల్ బెడ్రూం ఇల్లు, పిల్లల చదువు ప్రకటించారు. విచారణ కమిటీ వేశారు, బాధ్యుల మీద చర్యలు తీసుకున్నారు. ఆ నలుగురూ చిన్న చిన్న పిల్లలున్న తల్లులు.

అది ఆరోగ్యశ్రీ ఆపరేషన్ కాదు కదా, ఇక్కడెందుకు చెబుతున్నావని ఎవరైనా అడగొచ్చు. ఉచితంగా ఇచ్చే వైద్యం ఏదైనా దానికి రెండు ప్రశ్నలు వేయాలని ఆ ఘటన మా ప్రాంతానికి నేర్పింది. ఏమేం ఇస్తున్నారన్నది ఒకటి. ఎలా ఇస్తున్నారు, ఇచ్చాక మనిషి ఎలా ఉంది అన్నది రెండోది. ఇప్పుడు మన లెక్కలన్నీ మొదటి ప్రశ్నవే. ఇన్ని చికిత్సలు, ఇన్ని కోట్లు, ఇంతమందికి లబ్ధి. ఆపరేషన్ అయిన నెల రోజుల్లో ఎంతమంది మళ్లీ అడ్మిట్ అయ్యారు, ఎంతమంది చనిపోయారు, ఏ దవాఖానలో ఎక్కువ ఇన్‌ఫెక్షన్లు వస్తున్నాయి అన్నది ఏటా సభ ముందుకు రావాలి. విచారణ కమిటీల నివేదికలు కూడా సభ ముందు పెట్టే ఆనవాయితీ రావాలి. ఉచితం అన్న మాట నమ్మి వచ్చిన ఆడమనిషి డబ్బు కట్టిన మనిషిలాగా నిలదీయలేదు. ఆమె తరఫున అడగాల్సింది సభ.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి గర్భసంచి ఆపరేషన్ల సంగతి కూడా చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో ముప్పై ఏళ్లు కూడా నిండని ఆడవాళ్లకు గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు గట్టిగా వచ్చాయి. తెల్లబట్ట అవుతోందని పోయినా, నెలసరి ఎక్కువైందని పోయినా అదే సలహా. తర్వాత ప్రభుత్వం 133 చికిత్సలను ప్రభుత్వ దవాఖానల్లోనే చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. గర్భసంచి ఆపరేషన్ వాటిలో ఒకటి. జాబితాలో ఒక పేరు చేర్చడమే మేలు కాదని, కొన్నిసార్లు అది ఎక్కడ, ఎవరికి, ఏ వయసులో చేయాలో గట్టిగా రాయడమే మేలని అప్పుడు తేలింది. అయితే ఆ నిర్ణయం కూడా పత్రికల్లో గొడవ అయ్యాకే వచ్చింది. అప్పటికి ఎంతమంది ఆడవాళ్లు చిన్న వయసులోనే నడుం నొప్పులతో, ఎముకల బలహీనతతో మిగిలారో! వాళ్లలో కొందరు ఇప్పుడు నా షాపుకు వస్తారు. పింఛను దరఖాస్తుకు వయసు చాలదు, కూలికి పోవడానికి ఒంట్లో సత్తువ చాలదు. ఏటా సభా సంఘం కూర్చుని ఏ ఆపరేషన్ ఏ జిల్లాలో ఉన్నట్టుండి పెరిగిందో చూసి ఉంటే, అంత ఆలస్యం అయ్యేది కాదు.

జాబితాలో ఎప్పుడూ లేనిది ఒకటుంది. అది కోలుకునే రోజుల కూలి. ఆపరేషన్ ఫ్రీగా అయినా, మంచం మీద ఉన్న రెండు నెలలు ఇల్లు గడవాలి. మా దగ్గర వడ్డీ అప్పులు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో జగన్‌మోహన్ రెడ్డి గారి ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టర్లు చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ పార్టీ పెట్టిందన్నది నాకు ముఖ్యం కాదు. ఆలోచన సరైనది. మన రాష్ట్రం కూడా అలాంటి పని చేయగలదు, చేసింది కూడా. 2022లో డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను ఇచ్చారు. వైద్యం అంటే దవాఖాన లోపలిదే కాదని అప్పుడు ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. మీ నియోజకవర్గంలోని అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో కట్టిన టీబీ దవాఖాన గురించి మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడ రోగి నెలల తరబడి ఉండి, వేళకు తిని, కోలుకుని ఇంటికి పోయేవాడు. తిండి, విశ్రాంతి వైద్యంలో భాగమని ఆనాటి వాళ్లకు తెలుసు. కూలి చేసుకునే రోగికి పడకతో పాటు పూట గడిచే దారి కూడా కావాలి.

ఇక పెద్ద ఖాళీ మందుల దగ్గర. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికి అయ్యే ఖర్చులో 39.4 శాతం జనం సొంతంగా జేబులోంచి పెట్టుకుంటున్నారు. అందులో ఎక్కువ భాగం మందులకే పోతుంది. ఆరోగ్యశ్రీ ఎక్కువగా అడ్మిట్ అయినవాళ్ల కోసం. 125 రకాల చికిత్సలకు మాత్రం తర్వాత కూడా మందులు, పరీక్షలు ఇచ్చే ఫాలో-అప్ ఏర్పాటు ఉంది. దాని గురించి తెలియక వదులుకున్నవాళ్లు నా దగ్గరికి ఎంతోమంది వస్తుంటారు. బీపీ, షుగర్ మాత్రలు పీహెచ్‌సీల్లో ఇస్తారు. అవి నెల నెలా అందితే సరే. మధ్యలో ఒకసారి స్టాకు లేదని పంపిస్తే, మాత్ర మానేసే మనిషి మళ్లీ వేసుకోడు. కొన్నేళ్లకు కిడ్నీలు పాడై డయాలసిస్‌కు వస్తాడు, అప్పుడు ఆరోగ్యశ్రీ వారం వారం డబ్బు కడుతుంది. ఓపీ మందులన్నీ పథకంలోకి తెస్తే ఖర్చు భారీగా ఉంటుందని నాకు తెలుసు. కానీ బీపీ, షుగర్, మూర్ఛ, ఆస్తమా, మానసిక వ్యాధులు, ఈ కొన్నిటికైనా మందు ఆగకుండా ఇస్తామని జాబితాలో రాసి, రాసిన మాటకు సభ ముందు జవాబు చెప్పడం మన రాష్ట్రానికి మించిన పని కాదని నా నమ్మకం.

"జబ్బుల సంగతి డాక్టర్లు తేల్చాలి కానీ రాజకీయ నాయకులా?" అన్న మాట వస్తుంది. సరైన ప్రశ్నే. అమెరికాలో ఒరెగాన్ అనే రాష్ట్రం ఈ ప్రశ్నను గట్టిగానే ఎదుర్కొంది. 1987లో అక్కడి చట్టసభ పేదల వైద్య పథకం నుంచి అవయవ మార్పిడిని తీసేసింది. ఆ డబ్బుతో గర్భిణులకు, పిల్లలకు వైద్యం పెంచుదామన్నది ఆలోచన. కొన్ని నెలలకే రక్త క్యాన్సర్‌తో ఉన్న ఏడేళ్ల పిల్లాడు మార్పిడి చికిత్స డబ్బుకు చందాలు పోగవుతుండగానే చనిపోయాడు. రాష్ట్రమంతా కదిలిపోయింది. 1989లో వాళ్లు చట్టం చేశారు. పదకొండు మందితో ఒక కమిషన్. అందులో అయిదుగురు డాక్టర్లు, ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్, నలుగురు సామాన్య జనం. రాష్ట్రమంతా 47 చోట్ల బహిరంగ సభలు పెట్టారు. చివరికి 709 జబ్బులు, వాటి చికిత్సలు ఒకదాని కింద ఒకటి వరుసలో పెట్టారు. ఆ వరుసను మార్చే హక్కు చట్టసభకు లేదు. ఉన్న డబ్బుతో ఎంతవరకు ఇవ్వగలమో గీత గీయడమే చట్టసభ పని. మొదట 587 దగ్గర గీశారు. సవరణలు జరిగి, 1994లో పథకం అమల్లోకి వచ్చింది.

అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోమని నేననను. వాళ్ల సభలకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది వైద్యరంగం వాళ్లేనని, పేదలు తక్కువని అప్పట్లోనే విమర్శ వచ్చింది. మనం ఆ లోపం రానివ్వకూడదు. అయినా ఒక సంగతి మెచ్చుకోవాలి. ఏది ఇవ్వలేమో దాచకుండా చెప్పారు, గీత ఎక్కడ గీశారో సభలో లేచి చెప్పారు. మన దగ్గర కూడా గీత ఉంది. అది సచివాలయంలో గీస్తారు, దవాఖానలోని ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఆరోగ్య మిత్ర నోటితో చెప్పిస్తారు. రోగి ఇంటివాళ్ల తిట్లన్నీ నెలజీతం మీద బతికే ఆ ఉద్యోగికే తగులుతాయి. మనకు ఇంకా దగ్గరలో ఉన్న థాయ్‌లాండ్ 2002లో చట్టం చేసి అందరికీ వైద్యం ఇచ్చింది. అక్కడ ఏ కొత్త చికిత్స చేర్చాలో ప్రతిపాదించే వాళ్లలో డాక్టర్లతో పాటు రోగుల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కూడా ఉంటాయి. మన దేశంలోనే రాజస్థాన్ శాసనసభ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. డాక్టర్లు పెద్ద ఎత్తున రోడ్డెక్కినా అప్పటి ప్రభుత్వం చట్టాన్ని వెనక్కి తీసుకోలేదు.

కాబట్టి డాక్టర్లను పక్కన పెట్టమని కాదు. ఏ చికిత్స పనికొస్తుందో వాళ్లే చెప్పాలి. ఎంత డబ్బు, ముందు ఎవరికి, ఇవ్వనిది ఎందుకు ఇవ్వడం లేదు అన్న మూడింటికీ జవాబు చెప్పాల్సింది మాత్రం ఓటు అడిగి గెలిచినవాళ్లు.

సభా సంఘం వేస్తే అది అసెంబ్లీ కమిటీ హాల్లో మాత్రమే కూర్చోకూడదని నా మనవి. జిల్లాల్లో కూర్చోవాలి. మొదటి విచారణ ఇబ్రహీంపట్నంలో పెట్టండి. మా జిల్లా ఆసుపత్రి హైదరాబాద్‌కు అవతలి కొసన కొండాపూర్‌లో ఉంది. ఈ వైపు జనానికి అక్కడికి పోవడం కంటే ఎల్బీనగర్ చుట్టుపక్కల ప్రైవేటు దవాఖానలే దగ్గర. ఈ వైపే గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో 2022లో టిమ్స్ అనే ప్రభుత్వ పెద్ద దవాఖానకు శంకుస్థాపన చేశారు. ఇక్కడ కూర్చుంటే ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు, ఆరోగ్య మిత్రలు వచ్చి చెబుతారు. వాళ్లు మాట్లాడినందుకు ఉద్యోగం పోదన్న భరోసా సంఘం ఇవ్వాలి. పెళ్లయి అత్తారింటికి వచ్చి, రేషన్ కార్డులో పేరు ఎక్కక ఏళ్ల తరబడి ఆరోగ్యశ్రీకి దూరమైన ఆడపిల్లలు వస్తారు. 2025లో కొత్త కార్డులు ఇచ్చాక వాళ్లలో కొందరి సమస్య తీరింది, ఇంకా తీరనివాళ్లు ఉన్నారు. చిన్న నర్సింగ్ హోమ్‌లు నడిపే డాక్టర్లను కూడా పిలవండి. ఏ ధరకు ఏ ఆపరేషన్ గిట్టదో వాళ్లు లెక్క చెప్పనివ్వండి, ఆ లెక్క నిజమో కాదో ప్రభుత్వ డాక్టర్లతో సరిచూడండి.

ఆ విచారణకు ముందే జరగాల్సిన పని ఇంకొకటుంది. 1,835 చికిత్సల జాబితాను తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించాలి. ఇప్పుడున్నది డాక్టర్లకు అర్థమయ్యే ఇంగ్లిష్ పేర్లలో ఉంది. పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ ఉందో లేదో చూసుకోవాలన్నా మా దగ్గరి మనిషి ఎవరినో అడగాలి. ప్రతి బస్తీ దవాఖానలో, ప్రతి పీహెచ్‌సీలో, గ్రామ పంచాయతీ ఆఫీసులో ఆ పుస్తకం ఒకటి ఉండాలి. ఏ చికిత్స ప్రభుత్వ దవాఖానలో మాత్రమే చేస్తారో, దేనికి ఫాలో-అప్ మందులున్నాయో, దవాఖాన వాళ్లు డబ్బు అడిగితే ఎక్కడ ఫిర్యాదు చేయాలో అందులోనే రాయాలి. అప్రూవల్ తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసి రోగి చేతికి ఇవ్వాలి. ఆ తిరస్కరణల లెక్క కూడా సీఎం ఫండ్ లెక్కతో కలిపి సభా సంఘానికి చేరాలి.

బడ్జెట్ సమావేశాల ఎజెండా మీ అధ్యక్షతన జరిగే సభా వ్యవహారాల సలహా సంఘం (బీఏసీ) సమావేశంలో ఖరారవుతుంది. వచ్చే బీఏసీలో ఈ సమీక్షకు ఒక రోజు కేటాయించాలని, అంతకుముందే సభా సంఘాన్ని ప్రకటించాలని, సీఎం ఫండ్ వైద్యం దరఖాస్తుల లెక్కను జబ్బుల వారీగా తీసి ఆ సంఘానికి ఇవ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించాలని కోరుతున్నాను. మా ప్రాంత శాసనసభ్యులకు కూడా ఈ లేఖ ప్రతులు పంపుతున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
మీర్‌పేట్ వాసి